వేషము గట్టిన వాద్యము

బట్టల వర్తకమున తండ్రి గడించిన ధనము చేతనుండగా, కులీనుడనిపించుకొనవలెనను ఒక్క కోరికతో నిద్రాహారములు మరచిన జుర్దేన్ అను పారిస్ గృహస్థునకు ఆయన సంగీతపు పంతులు ఒకనాడు హితము చెప్పును: తమవంటి గొప్పవారి యింట బుధవారమో గురువారమో వారమునకొక కచేరీ జరుగుట మర్యాద యనియు, అందులకు మూడు స్థాయిల గాత్రములును, తోడుగా మంద్రవాద్యములును, రెండు వయొలిన్లును ఉండవలెననియు. జుర్దేన్ అన్నిటికిని తల యూపి, కడపట తనకు మిక్కిలి యిష్టమైన ట్రొంపెట్ మరీన్ కూడ చేర్పింపుమని కోరును. పేరునకు అది బూరయే గాని ఊదునది కాదు. మనిషియెత్తు కర్రపెట్టెపై ఒంటి తీగె బిగించి కమానుతో లాగగా, తీగెను మోయు చిన్న చెక్క ఒక కాలు వదులుగానుండి పలకను కొట్టుకొనుచు బరబరలాడు విచిత్రసాధనము. కోరినవాని అభిరుచి యెట్టిదో ఆ ఒక్క వాద్యము పేరే చెప్పివేయును. 1670 అక్టోబరు 14వ తేదీన షాంబోర్ కోటలో పదునాలుగవ లూయీ మహారాజు సమక్షమున ప్రదర్శింపబడిన 'ల బూర్జువా జాంటియొమ్' అను ఈ ప్రహసనమును రచించిన మోలియేర్ తానే జుర్దేన్ వేషము ధరించెను. సంగీతము కూర్చిన లుల్లీ, రాజాస్థాన సంగీతమునకు అధిపతి యయ్యును, పెద్ద తలపాగా చుట్టుకొని తుర్కీ ముఫ్తీ వేషమున రంగమునకు వచ్చి గంతులు వేసెను.

ఆ నాటకమున వాద్యకారులు తెరచాటున నుండి రసమును పోషించు అదృశ్యజనము కారు. కథలోనే వారు కూలికి వచ్చిన వారు. జుర్దేన్ డబ్బిచ్చి పిలిపించుకొనగా వచ్చినవారు, ఆయన యెదుట వాయించి, ఆయన మెప్పునకు వెలకట్టి, లోలోపల నవ్వుకొని పోవువారు. వారి చేతిలోని వయొలిన్ అలంకారముగా తెచ్చిన రంగసామగ్రియు నగును, నిజముగా పలుకు వాద్యమును నగును. సంగీతపు పంతులును నాట్యపు పంతులును తమ తమ విద్యలు నేర్వకపోవుట చేతనే లోకమున యుద్ధములును కలహములును పుట్టుచున్నవని గంభీరముగా వాదింతురు. కత్తిసాము పంతులు వచ్చి మీ విద్యలెందులకని యీసడించును. కోపమును జయింపవలెనని బోధింప వచ్చిన తత్త్వశాస్త్రపు పంతులు నిమిషములో అందరితోను ముష్టియుద్ధమునకు దిగును. విద్యలు విద్వాంసుల వేషములు ధరించి తన్నుకొనుటయే యిచ్చటి హాస్యము.

వాద్యకారుడు, తన వాద్యముతో సహా, రంగముపైన ఒక పాత్ర కాగలడా అను ప్రశ్నకు ఇది తొలిరూపము. పాశ్చాత్య సంగీతరూపకము ఆ ప్రశ్నను తరువాత చాలకాలము మరచిపోయినది. వాద్యబృందము రంగమునకు దిగువనున్న గోతిలోనికి దిగిపోయినది. 1876లో బైరాయిట్ నాటకశాల తెరచునప్పటికి వాగ్నర్ ఆ గోతిపై కప్పు కూడ వేయించి, వాయించు మనుష్యులెవరును ప్రేక్షకుల కంటబడకుండ చేసెను. దేవతలును వీరులును తిరుగు లోకమునకు అది తగియుండవచ్చును. ఎచ్చటినుండియో తెలియక పుట్టు నాదము విధివలె మనుష్యుని చుట్టుముట్టుట విషాదమునకు పుష్టి. హాస్యమున కట్లు కుదరదు. హాస్యము దేహమును ఆశ్రయించి బ్రతుకును. బుగ్గలుబ్బించి ముఖము కందునట్లు హారన్ ఊదు విద్వాంసుని, ముందువాని వీపు తగులునేమో యనునంత దూరము గొట్టమును చాచి మరల ముడుచుకొను ట్రొంబోన్ వాదకుని, నూరు గతుల పాటు చేతులు కట్టుకొని కూర్చుండి ఒక్క దెబ్బకై లెక్క పెట్టుకొను తాళవాద్యకారుని గోతినుండి వెలికి తీసి దీపముల వెలుగున నిలబెట్టినచో, వారేమియు నటింపకయే సగము ప్రహసనము సిద్ధమైయుండును. ఇరువదవ శతాబ్దపు ప్రయోగకర్తలు కొందరు దీనిని గ్రహించిరి. గ్రహించిన దానిని ఎట్లు వాడుకొనవలెనన్న విషయమున మాత్రము వారు తమలో తామే ఏకీభవింపలేదు. ఆ భేదములలోనే ఈ కథ రుచియంతయు నున్నది.

మొదటి ప్రయత్నము మోలియేర్ నాటకముతోనే జరిగినది. జర్మను స్వరకర్త రిచర్డ్ స్ట్రౌస్, ఆయన సహకవి హోఫ్‌మన్‌స్టాల్, దర్శకుడు మాక్స్ రైన్‌హార్ట్ ముగ్గురును కలిసి జుర్దేన్ కథను కుదించి, ఆయన తన అతిథుల వినోదార్థము ఆడించిన రూపకముగా 'అరియాడ్నె' అను ఒపెరాను దాని తుదకు జోడించి, 1912 అక్టోబరు 25న స్టుట్‌గార్ట్ నగరమున ప్రదర్శించిరి. విరామములలో జరిగిన రాజోపచారములతో కలిసి ఆ సాయంకాలము ఆరు గంటలకు పైగా సాగినది. నాటకము చూడవచ్చినవారు పాట యెప్పుడు ముగియునా యనియు, పాట వినవచ్చినవారు మాటలెప్పుడు ముగియునా యనియు కూర్చుండిరి. నాలుగేండ్ల తరువాత 1916లో వియన్నాలో ఒపెరాను విడదీసి వేరొక ప్రస్తావనతో బ్రతికించుకొనిరి. మోలియేర్ ప్రహసనమునకై కూర్చిన వాద్యసంగీతము 1920 నాటికి ఒక కచేరీ రచనగా స్థిరపడినది.

ఆ రచనలో జుర్దేన్ విందు ఘట్టమొకటి యున్నది. రైన్ నదిలోని సాల్మన్ చేప వడ్డనకు రాగానే వాద్యబృందమునుండి వాగ్నర్ రచించిన రైన్ నది స్వరములు అలలవలె లేచును. మేకమాంసమో గొర్రెమాంసమో వచ్చినప్పుడు స్ట్రౌస్ తానే పూర్వము 'డాన్ క్విక్సోట్' కథకై వ్రాసికొన్న గొర్రెల అరపులు వినిపించును. చిన్న పక్షుల వంటకము వచ్చునప్పటికి ఆయన మరియొక ఒపెరానుండి పక్షుల కిలకిలారావములు ఎగిరివచ్చును. విన్నవారిలో ఎరిగినవారు పెదవులు బిగించి నవ్వుకొందురు. ఇది సరసమే, పాండిత్యము తిన్న సరసము. ఇచ్చట వాద్యము హాస్యగానివలె మాటలాడుచున్నదే గాని పాత్ర కాలేదు; యజమాని వెనుక నిలిచి కన్నుగీటు పరిచారకుని స్థానమున మాత్రమే యున్నది. కత్తిసాము పంతులునకు ట్రొంబోనును ట్రంపెట్టును, దర్జీవానికి వయొలినును నియమించుటయు ఇట్టిదే.

ఈ సందర్భమున ఒక సులభమైన ఉపాయమును గూర్చి హెచ్చరింపక తప్పదు. ఒక్కొక్క పాత్రకు ఒక్కొక్క వాద్యము పంచిపెట్టి, వాడు వచ్చినప్పుడెల్ల ఆ వాద్యమును మ్రోగించుట. 1936లో మాస్కోలో ప్రొకోఫియెవ్ బాలుర కొరకు వ్రాసిన 'పీటర్ అండ్ ది వుల్ఫ్' కథలో పిల్లికి క్లారినెట్టు, బాతునకు ఓబో, తాతకు బసూను, తోడేలునకు మూడు హారన్లు; అది బాలురకు వాద్యములను పరిచయము చేయు ఉద్దేశముతో పుట్టినది గనుక ముచ్చటగానున్నది. పెద్దల నాటకమున ఆ పద్ధతి మెడలో వ్రేలాడదీసిన పేరుబిళ్ల యగును. ఆశ పడుట, అడ్డు తగులుట, అబద్ధమాడుట, దొరికిపోవుట, ఇవి లేనిదే పాత్ర లేదు. వాద్యము ఆ పనులు చేయగలిగినప్పుడే అది పాత్ర. చేయగలదా? ఈ ప్రశ్నకు సమాధానము ఒపెరా శాలలలో కాక సర్కసు డేరాలలో పుట్టినదని నా యభిప్రాయము.

స్విట్జర్లండు దేశస్థుడు గ్రోక్, ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున యూరప్ అంతయు నవ్వించిన విదూషకుడు, పెద్ద పెట్టె తెరచి దానిలోనుండి బొమ్మవంటి చిట్టి వయొలిన్ తీయును. పియానో ముందు పీట దూరముగా నున్నదని గమనించి, పీటను జరుపక, చెమటలు గ్రక్కుచు పియానోనే పీట యొద్దకు నెట్టుకొనివచ్చును. ఎవరైనను తప్పు చూపినచో నిజమైన ఆశ్చర్యముతో 'ఎందుకు?' అని యడుగును. ఆయన వట్టి కోణంగి కాడు. పలు వాద్యములందు గట్టి విద్వాంసుడు. వాయింపగలవాడు వాయింపలేకపోవుటయే ఆయన కథావస్తువు. ఆయన వృద్ధాప్యము గడపిన భవనము ఇటలీ సముద్రతీరమున ఒనెల్యా అను ఊరనుండెను. ఆ యూరనే పుట్టిన లూచియానో బెరియో బాల్యమున ఆయన తోటలో పండ్లు దొంగిలించిన పిల్లలలో ఒకడు. పెరిగి పెద్దవాడై స్వరకర్తయైన బెరియో 1966లో ఒంటి ట్రొంబోన్ కొరకు వ్రాసిన తన ఐదవ 'సెక్వెంజా'ను ఆ విదూషకుని స్మృతికి అర్పించెను. వాదకుడు దీపముల వెలుగున గంభీరముగా నిలిచి, గొట్టమును పైకెత్తి, దించి, ఊదబోయి మాని, నడుమ తన గొంతుతో గ్రోక్ మాటనే యడుగును. అంతవరకు నిలువబడి అభినయించినవాడు ఆ తరువాత కూర్చుండి, తన కొరకే యన్నట్లు, గొంతును ఊపిరిని లోహమును కలిపి వాయించుకొనుచు పోవును. ఆ ప్రశ్నతో ట్రొంబోన్ మనుష్యుని వాద్యమా, మనుష్యుడే ట్రొంబోనునకు వాద్యమా యన్నది తేలకుండ పోవును. నవ్వు వచ్చును, కాని పూర్తిగా రాదు.

ఈ మార్గమునకు 'వాద్యరంగము' అనదగిన పేరు పెట్టి, సిద్ధాంతముగా నిలిపినవాడు మౌరిసియో కాగెల్. 1931లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో పుట్టి, 1957లో జర్మనీలోని కొలోన్ నగరము చేరి, 2008లో కన్నుమూయువరకు అచ్చటనే యుండెను. ఆయన 1964 నాటి 'మాచ్' అను కృతిలో ఇద్దరు చెల్లో విద్వాంసులు రంగమునకు ఇరువైపుల ఆటగాండ్రవలె కూర్చుందురు. నడుమ కొంచెము వెనుకగా తాళవాద్యకారుడు తీర్పరి. ఒకడు కమానుతో తీగెను చరచిన, రెండవవాడు మారు దెబ్బ కొట్టవలెను. ఇద్దరును మితిమీరిన, తీర్పరి డప్పో గిలకయో మ్రోగించి ఆపవలెను. అతడు పక్షపాతి యేమోనన్న శంక కొంతసేపటికి ప్రేక్షకునకే కలుగును. ఒక్క మాట లేదు, కథ లేదు, అయినను గెలువవలెనను ఆశయు, ఓడుదునేమోనను భయమును, తీర్పరిపై కసియు కండ్లకు గట్టినట్లుండును. కలగన్న దానినే వ్రాసితినని ఆయన చెప్పుకొనెను. ఆధునిక సంగీతమున ఆ కాలపు మేటి చెల్లో విద్వాంసుడైన జీగ్‌ఫ్రీడ్ పాల్మ్ వంటివాడు ఆ కృతిని వాయించెనన్న మాట మరువరాదు. ఆటవస్తువులతో ఆడినట్లు కనబడు ప్రతి చప్పుడును స్వరలిపిలో తూచి వ్రాయబడినదే.

ఇచ్చట కాగెల్ పట్టుకొన్న కిటుకు చిన్నది, కాని దానిపైననే యంతయు ఆధారపడియున్నది: వాద్యకారుడు నవ్వరాదు. నవ్వింపవలెనను తలంపు ముఖమున లేశమాత్రము కనబడినను నవ్వు చచ్చును. అతడు బీథోవెన్ వాయించునప్పుడెంత నిష్ఠగా నుండునో డప్పు చించునప్పుడును అంత నిష్ఠగా నుండవలెను. 1992 నాటికి ముగించిన తన టింపనీ కృతి చివర కాగెల్ ఇట్లు నిర్దేశించెను: అంతవరకు ఐదు డప్పులను మహావిద్వాంసునివలె వాయించిన కళాకారుడు, కాగితము బిగించిన ఆరవ దానిలోనికి తలక్రిందుగా దూకి నడుము దాక మునిగిపోవలెను. ఆ దూకుట వాద్యమునకు తుది దెబ్బ, లయ తప్పరాదు. 1981లో తన యేబదవ పుట్టినదినమునకు వ్రాసికొన్న 'ఫినాలె'లో బృందనాయకుడు నడుమ కుప్పగూలి చనిపోవును, సంగీతము ఆగదు. ఇది వికటకల్పన యనువారికి లుల్లీ మరణమును జ్ఞాపకము చేయవలెను. 1687లో లయ వేయుటకై నేలను కొట్టు బరువైన దండముతో తన కాలి వ్రేలినే కొట్టుకొని, పుండు కుళ్లి, ఆ ముఫ్తీ వేషధారి మృతినొందెను. బృందనాయకుని దేహము కూడ ప్రమాదకరమైన వాద్యమే.

కాగెల్‌కు సమకాలికుడు, అదే కొలోన్ నగరమున వేరొక శిఖరము స్టాక్‌హౌజెన్. ఆయన తత్త్వము గంభీరము, ఆకాశగామి. హాస్యమున కంతగా పేరు పడినవాడు కాడు. అయినను ఇటలీ ప్రాచీన ప్రహసనములలోని గళ్ల దుస్తుల కొంటె సేవకుడు హార్లెక్విన్‌ను తీసికొని, 1975లో సుమారు ముప్పాతిక గంట సేపు సాగు ఒంటి క్లారినెట్ కృతి వ్రాసెను. సుజాన్ స్టీఫెన్స్ అను విదుషి 1976లో మొదట దానిని వాయించెను. వాయించెననుట చాలదు, ఆడెను. కలలు తెచ్చు దూతగా గిరగిర తిరుగుచు వచ్చి, స్వరములతో బొమ్మరిల్లు కట్టి, ప్రేమలో పడి, పంతులై పాఠము చెప్పి, పాఠమును తానే వెక్కిరించి, నేలను పాదములతో తాళముగా కొట్టుచు నర్తించి, తిరుగుచునే మాయమగుట యంతయు ఒక మనిషి, ఒక గొట్టము. మోలియేర్ జుర్దేన్ ఇంటిలో పోట్లాడుకొన్న సంగీతమును నాట్యమును ఇచ్చట ఒకే దేహమున రాజీపడినవి. పిమ్మట 'లిఖ్త్' అను తన ఏడు ఒపెరాల మహారచనలో మిఖాయేలు అను నాయకునకు ట్రంపెట్టును, ఈవ్‌కు బాసెట్ హారన్‌ను, లూసిఫర్‌కు ట్రొంబోనును ప్రతిరూపములుగా నిలిపి, ఒక అంకమంతయు గాత్రము లేకయే వాద్యకారుల చేత నడిపించెను. దానిలో ఇద్దరు క్లారినెట్ వాదకులు విదూషకులై నాయకుని వెక్కిరింతురు. అంత గంభీరునకు సహితము నవ్వు కావలసివచ్చినప్పుడు క్లారినెట్టే గుర్తునకు వచ్చినది.

ఈ యిద్దరు గురువుల యొద్దను కొలోన్‌లో చదువుకొన్న ఐర్లండు స్వరకర్త జెరాల్డ్ బారీ, తన దేశస్థుడే యైన ఆస్కార్ వైల్డ్ ప్రహసనముపై చేయి వేసినప్పుడు, ఈ పాయలన్నియు ఒక చోట కలిసినవి. 'ది ఇంపార్టెన్స్ ఆఫ్ బీయింగ్ ఎర్నెస్ట్' 1895 ఫిబ్రవరి 14న లండనులో మొదట ఆడిన నాటినుండియు ఇంగ్లీషు హాస్యమునకు మకుటమని పేరొందినది. అందులో ప్రతి వాక్యమును పదును పెట్టినదే; ఒకటి తీసిన రెండవది కుంటువడును. అట్టి దానిని సంగీతమున కెక్కింపబూనుట సాహసమనియే అందరును తలచుదురు. బారీ చేసిన మొదటి పని మూలములో సుమారు మూడింట రెండు పాళ్లు కోసివేయుట. ఇది అపచారమని వైల్డ్ భక్తులు నొచ్చుకొనవచ్చును. కాని పాడిన మాట పలికిన మాటకంటె ఎన్నో రెట్లు కాలము మ్రింగును. కోయక పాడించినచో ఆ మాటల మెరుపు నీరసించి, స్టుట్‌గార్ట్‌లో స్ట్రౌస్‌కు పట్టిన గతియే పట్టును. బారీ మిగిల్చిన మాటలను కూడ మర్యాదగా పాడనీయడు. ఉరుకులు పరుగులతో, తప్పు చోట నొక్కులతో, ఊపిరాడనీయక తరిమించును. చతురోక్తి వినబడకముందే దాటిపోవును. దాటిపోయిన దానిని వాద్యములు పట్టుకొనును.

రెండవ అంకమున గ్వెండొలెన్, సెసిలీ అను ఇద్దరు కన్యలు ఒకే పేరుగల వరుడు తనవాడేయని తెలిసికొని తేనీటి బల్ల యొద్ద చేయు కలహమును చూచినచో ఈ పద్ధతి బోధపడును. వైల్డ్ వ్రాసిన దానిలో సేవకులు దగ్గరనుండుట చేత ఇద్దరును పెదవులపై చిరునవ్వు చెదరనీయరు. చక్కెర వద్దన్న అతిథి గిన్నెలో సెసిలీ నాలుగు బిళ్లలు వేయును, రొట్టెయు వెన్నయు అడుగగా పెద్ద కేకు ముక్క కోసి పెట్టును. అంతే యుద్ధము. బారీ ఆ పింగాణీ మర్యాదను నిజముగానే పగులగొట్టెను. కన్యలిద్దరును మెగాఫోనులలో అరచుకొనుచుండగా, ఆ వాదమునకు విరామచిహ్నములవలె, స్వరలిపిలో వ్రాసిన ఖచ్చితమైన మాత్రలలో నలుబది పింగాణీ పళ్లెములు ఒకటి తరువాత నొకటి బ్రద్దలగును. పళ్లెములు బ్రద్దలుచేయువాడు తాళవాద్యకారుడు. అతనికి ఆ కన్యలపై కోపము లేదు, జాలియు లేదు. అతడు లెక్క పెట్టుచున్నాడు. మూడవ మాత్రలో పగులవలసినది మూడవ మాత్రలోనే పగులవలెను. ఈ నిర్వికారమైన లెక్కయే వైల్డ్ కనిపెట్టిన చిరునవ్వునకు సరియైన ప్రతిరూపమని నాకు తోచుచున్నది. ఆయన పాత్రలు మర్యాదను లెక్కించినట్లే ఈతడు పింగాణీని లెక్కించును. పెత్తనపు ముద్దయైన లేడీ బ్రాక్నెల్ పాత్రను స్త్రీకంఠమునకు కాక మంద్రస్థాయి పురుషగాత్రమునకు ఇచ్చి, ఆమెచేత జర్మను కవి షిల్లర్ ఆనందగీతమును పాడించుట కూడ ఈ కోవలోనిదే.

ఈ రచన 2011 ఏప్రిల్‌లో లాస్ ఏంజలెస్‌లోని డిస్నీ హాలులో తామస్ ఆడెస్ నాయకత్వమున కచేరీగా మొదట వినబడినది. మరుసటి యేట లండను బార్బికన్‌కు వచ్చినది. 2013లో ఫ్రాన్సులోని నాన్సీ నగరమున తొలిసారి రంగమెక్కినది. కచేరీగా ఆడినను రంగముపై ఆడినను ప్రేక్షకులు నవ్విరనుట గమనింపదగినది, ఏలయనగా నాటకము వాద్యబృందములోనే యున్నది. తెరలును కుర్చీలును దానికి అదనము. నాకొక్క అసంతృప్తి కలదు. బిగ్గరతనము ఎంత చతురమైనదైనను కొంతసేపటికి చెవికి అలవాటుపడును. పళ్లెముల తరువాత మూడవ అంకమున మరియొక ఆశ్చర్యమునకు చోటు తక్కువ. సంచిలో దొరికిన శిశువు రహస్యము బయటపడునప్పటికి వైల్డ్ కథనమున మిగిలియుండిన కుతూహలము బారీ శబ్దమున కొంత అలసిపోవును.

రంగమునెక్కిన వాద్యకారులకు వచ్చు చిక్కులను గూర్చి శాస్త్రకారులు వ్రాయునది తక్కువ, అభ్యాసశాలలో వినబడునది ఎక్కువ. స్వరలిపి పత్రములు ఎదుట పెట్టుకొని నలుబది యేండ్లు వాయించినవానిని, పత్రములు విడిచి కంఠస్థము చేసి నడుచుచు వాయింపుమనుట, ఈతగానిని గుర్రమెక్కుమనుట వంటిది. బృందనాయకుని చేయి కనబడని మూల నిలిచినప్పుడు లయ ఎట్లు తెలియును? చెల్లో నడువదు, హార్ప్ కదలదు, కాబట్టి చెల్లో పాత్ర కూర్చున్న పాత్రయే కావలెను, గృహయజమానియో, న్యాయాధిపతియో, కదలలేని ముసలివాడో. ఊదు వాద్యము నోటిని మూసివేయును గనుక ఆ పాత్ర వాయించునంతసేపు మాటలాడలేదు. దాని సంభాషణయంతయు ఊపిరి తీసికొను సందులలో దూరవలెను. వయొలిన్ వానికి గడ్డము బిగిసియుండుట చేత తల త్రిప్పి చూచుట కష్టము. కనుక వాడు ఇతరులను ఓరచూపుతోనే చూచును, ఆ చూపు వానిని అనుమానపు మనిషిని చేయును. మంచి ప్రయోగకర్త ఈ నిర్బంధములను అడ్డంకులనుకొనడు. పాత్రస్వభావమును వానినుండియే తోడుకొనును. నటుడు దేహమును పాత్రకు లొంగదీయును. ఇచ్చట పాత్రయే వాద్యమునకు లొంగవలెను.

మన ప్రేక్షకులకు ఇదంతయు దూరదేశపు వింత యనిపింపనక్కరలేదు. బుర్రకథలో తంబుర భుజాన వేసికొని వ్రేలి అందెతో లయ వేయు కథకుని ప్రక్కల డక్కీలు వాయించు వంతలిద్దరును పక్కవాద్యగాండ్రు మాత్రమేనా? ఒకడు రాజకీయపు వంత. కథ పల్నాటిలో జరుగుచుండగా సంతలోని ధరలనో ప్రభుత్వమునో నిలదీయును. రెండవవాడు హాస్యపు వంత. వీరుడు కత్తి దూయు ఘట్టమున సంశయమొకటి అడిగి కథకుని నోరు కట్టివేయును. డక్కీ దెబ్బయే వాని వాక్యమునకు ముగింపు. షేక్ నాజర్ వంటి మహాకథకుడు పాడుచుండగా వంత నోరు తెరచు క్షణము ఎచ్చటిదో, డక్కీ మరల అందుకొను క్షణము ఎచ్చటిదో, అవి రెండును తప్పక కుదురుట కొలోన్‌లో కాగెల్ శిష్యులు ఏండ్ల తరబడి సాధించిన విద్యకు తీసిపోదు. భేదమొక్కటే: వంత తాను హాస్యగాడినని ఎరుగును, సభకు తెలియజేయును, కాగెల్ వాదకుడు ఎరుగనట్లుండును.

వైదేశిక ప్రహసనములను మనవి చేసికొనుట మనకు క్రొత్త కాదు. షేక్స్పియరు 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను వీరేశలింగము పంతులుగారు 'చమత్కార రత్నావళి'గా చేసిరి. కాని మన ప్రహసనమునే మనము వాద్యరంగమున కెక్కింపబూనిన, 1892లో విజయనగరమున ఆడి, 1909లో సమగ్రరూపము దాల్చిన 'కన్యాశుల్కము'ను మించినది లేదు. వెంటనే ఎవరైనను మధురవాణికి వీణ, అగ్నిహోత్రావధానులకు డోలు అని పంచిపెట్టబోవుదురు. అదే పేరుబిళ్ల వ్యవహారము. నేనైనచో ఒక్క గిరీశమునకు మాత్రమే వాద్యమిచ్చి మిగిలినవారిని మాటలతో విడిచెదను. ఆ వాద్యము క్లారినెట్టు కావలెను. పడమటినుండి వచ్చి, పెండ్లి మేళములలో కలిసిపోయి, సంగీతసభలలో గమకములు కూడ నేర్చికొన్న వాద్యము. ఇంగ్లీషు ముక్కలు జారవిడుచుచు ఎచ్చటికి పోయినను ఆ యింటివాడైపోవు మనిషికి అంతకంటె తగినది దొరకదు. వెంకటేశమునకు చదువు చెప్పునప్పుడు అది పాఠము చెప్పును, బుచ్చమ్మ యెదుట సానుభూతి పలుకును, మధురవాణి యింట బాకీ పడును.

మధురవాణి యింట పూటకూళ్లమ్మ చీపురు పుచ్చుకొని వచ్చినప్పుడు గిరీశము మంచము క్రింద దూరు ఘట్టమును తలచుకొనుడు. క్లారినెట్టుతో సహా దూరవలెను. ఊదువాడు దాగవలెనన్న ఊపిరి బిగబట్టవలెను, ఎంతసేపు? పైన వాగ్వాదము సాగినంతసేపు. ఆ వాగ్వాదము నిడివిని నిర్ణయించునది ఇక దర్శకుడు కాదు, మంచము క్రింది వాని ఊపిరితిత్తులు. వాటి శక్తి తీరినప్పుడు రెల్లుబద్ద నుండి బాతుపిల్ల కూతవంటి చిన్న చప్పుడొకటి తప్పించుకొనును, అంతటితో చీపురు దిశ మారును. అభ్యాసమున ఆ చప్పుడు ఏ స్వరమో నిర్ణయింపవలెను. నిర్ణయించిన పిమ్మట ప్రతి ప్రదర్శనమునను అదే స్వరము రావలెను. ఇక చివరి యంకమున సౌజన్యారావు పంతులు సమక్షమున గుట్టు రట్టయిన గిరీశము నిష్క్రమించుచు పలుకు ఆ సుప్రసిద్ధ వాక్యమును వాద్యముతో పలికింపవలెనా, నోటితోనా అని విద్వాంసులు తర్కింపవచ్చును. నా మట్టుకు నోటితోనే పలికించెదను, ఏలయనగా అప్పటికే పంతులుగారు క్లారినెట్టు లాగుకొని బల్ల సొరుగులో పెట్టి తాళము వేసియుందురు.